కలనిద్రకు మీట ఎక్కడ?

నిద్ర అంటే మెదడుకు సెలవు అని మనలో చాలామంది అనుకుంటాం. నిజం అది కాదు. మన పెద్దలు స్వప్నం వేరు, సుషుప్తి వేరు అన్నట్టే, శాస్త్రజ్ఞులు కూడా నిద్రను రెండు రకాలుగా విడదీశారు. 1953లో చికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు, నిద్రలో మూసిన రెప్పల కింద కనుగుడ్లు గబగబా కదిలే ఘట్టం ఒకటుందని కనిపెట్టారు. ఆ సమయంలో లేపితే మనుషులు చాలాసార్లు కల చెప్పారు. దీన్నే కలనిద్ర అందాం.

ఫ్రాన్సులోని లియోన్ నగరంలో మిషెల్ జువే ఇదే నిద్రను పిల్లుల్లో పరిశీలించారు. మెదడు తరంగాలు మెలకువలో ఉన్నంత చురుకు. మెడ కండరాలు మాత్రం పూర్తిగా సడలిపోయాయి. విచిత్రమేమిటంటే, పైమెదడును వేరుచేసినా ఆ సడలింపు వచ్చిపోతూనే ఉంది. అంటే మీట పైన లేదన్నమాట! వెన్నుపామును మెదడుతో కలిపే మెదడు కాండంలో, 'పాన్స్' అనే భాగంలో ఉంది.

అది పనిచేసే తీరు చూడండి. మెలకువను నిలిపే కొన్ని నాడీకణాలు కలనిద్రలో మౌనం వహిస్తాయి. వాటి పక్కనే ఉన్న మరో గుంపు మేలుకుంటుంది. పాన్స్ నుంచి పైకి వెళ్ళే సంకేతాలు పైమెదడును లేపుతాయి. కిందికి వెళ్ళేవి మజ్జాముఖం ద్వారా కండరాల నాడులను అణచివేస్తాయి. ఊపిరి తీసే కండరం, కనుగుడ్లు తప్ప ఒళ్ళంతా కట్టేసినట్టే. ఆ కట్టు సందుల్లోంచి చిన్న అదుర్లు తప్పించుకుంటాయి. జవహర్‌నగర్‌లో మా గది ముందు పడుకున్న కుక్క కాళ్ళు ఊరికే కొట్టుకునేది అందుకే.

ఆ కట్టు తెగితే? 1965లో జువే, డెలోర్మ్ పాన్స్‌లో చిన్న భాగాన్ని దెబ్బతీసి చూపారు. పిల్లి నిద్రలోనే లేచి, లేని ఎర మీద దూకినట్టు చేసింది. పిల్లి తన కల చెప్పలేదు, దాని చేష్టే సాక్ష్యం.

ఇక మన కొట్టం సంగతి. గొడ్డు నిలబడే నిద్రపోతుందని ఊళ్ళో అంటారు. అది సగమే నిజం. నిలబడి కునుకుతుంది గాని, మెడ వాలిపోయే కలనిద్రకు మాత్రం పడుకోవాల్సిందే. ఆవుకు ఆ నిద్ర రోజుకు దాదాపు ముప్పావు గంటే. తలుగు పొట్టిగా కట్టినా, కొట్టంలో బురద నిండినా ఆ కాస్తా దక్కదు. పాలిచ్చే నోరులేని జీవికి రెండు మూరల తాడు ఎక్కువిస్తే మన సొమ్మేం పోదు.

మనిషికీ ఈ కట్టు సడలుతుంది. నిద్రలో కల ప్రకారం తన్నడం, అరవడం ఒక జబ్బని 1986లో అమెరికాలోని మిన్నెసోటా వైద్యులు వివరించారు. ఇలాంటి వాళ్ళలో చాలామందికి కొన్నేళ్ళ తర్వాత వణుకుడు రోగం, అంటే పార్కిన్సన్ జబ్బు, వస్తోందని తేలింది. కనుక మిత్రులారా, మీ ఇంట్లో పెద్దాయన నిద్రలో చేతులు విసిరితే గాలి సోకిందని తాయెత్తు కట్టి ఊరుకోకండి. నరాల డాక్టరుకు చూపించండి. చదువుకున్నందుకు మనం ఇంటికి మోసుకెళ్ళవలసిన మాట ఇది.