65వ నంబరు రోడ్డు చివర సముద్రం

ల్యాప్‌టాప్ ఉంటే ఎక్కడైనా ఉద్యోగమే. మరి నందిగామ, జగ్గయ్యపేట పిల్లలు తీరంలో కాపురం పెట్టాలంటే ఏ ఊరు మేలు?

పుణెలో మొదలయ్యే 65వ నంబరు జాతీయ రహదారి హైదరాబాద్, కోదాడ దాటి గరికపాడు దగ్గర ఆంధ్రలో అడుగుపెడుతుంది. జగ్గయ్యపేట, నందిగామలను ఒరుసుకుంటూ విజయవాడ చేరి, మచిలీపట్నంలో ఆగిపోతుంది. ఈ దారిన మన చదువుకున్న పిల్లల ప్రయాణం మాత్రం చాలాకాలం ఒకే వైపు సాగింది. ఇంజినీరింగ్ అయిపోగానే బ్యాగు సర్దుకుని హైదరాబాద్ బస్సెక్కడమే. 2020 లాక్‌డౌన్ వాళ్లను ఇళ్లకు పంపింది. డాబా మీద సిగ్నల్ వెతుక్కుంటూ అమెరికా క్లయింట్లతో మాట్లాడారు. తర్వాత కొన్ని కంపెనీలు ఆఫీసుకు రమ్మన్నాయి, కొన్ని ఎక్కడున్నా సరేనన్నాయి. ఆ రెండో రకం ఉద్యోగాలు దొరికినవాళ్లు, అంటే డిజిటల్ నోమాడ్లు, ఇప్పుడు సముద్రం వైపు చూస్తున్నారు.

చూడటంలో వింత లేదు. 2022లో ఎన్టీఆర్ జిల్లాలో చేరిన ఈ పశ్చిమ కృష్ణా మెట్ట ఎండకు పెట్టింది పేరు. పత్తి, మిరప చేలు, సున్నపురాయి నేల, ముక్త్యాల, జయంతిపురం సిమెంటు ఫ్యాక్టరీలు. మేలో మధ్యాహ్నం గడప దాటలేం. అసలు జగ్గయ్యపేట నుంచి తీరానికి వెళ్లి స్థిరపడ్డ వలస ఇవాళ్టిది కాదు. 1882లో పురావస్తు పరిశోధకుడు జేమ్స్ బర్జెస్ ఇక్కడి ధనంబోడు బౌద్ధ స్తూపాన్ని తవ్వినప్పుడు దొరికిన మాంధాత చక్రవర్తి ఫలకం మద్రాసు మ్యూజియం దారి పట్టింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

విశాఖ: అన్నీ ఉన్నాయి, అద్దె కూడా

పనిచేసుకునే వాళ్లకు తెలుగు తీరంలో మొదటి పేరు ఇదే. రుషికొండ ఐటీ కొండలు, మధురవాడ, ఎంవీపీ కాలనీ వైపు ఫైబర్ లైన్లు, కో-వర్కింగ్ చోట్లు, రాత్రి షిఫ్టు వాళ్లకు టిఫిన్ బళ్లు దొరుకుతాయి. 2023 సంక్రాంతి నాడు మొదలైన వందే భారత్ విజయవాడ నుంచి నాలుగు గంటల పైచిలుకులో దింపుతుంది. టికెట్ దొరక్కపోతే రత్నాచల్ ఉండనే ఉంది. 2025 అక్టోబరులో గూగుల్ 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో డేటా సెంటర్ ప్రకటించాక ఇళ్ల యజమానుల మాటతీరులోనే ధీమా పెరిగింది.

అయితే రేవుకు దగ్గరగా పాత నగరంలో ఇల్లు తీసుకుంటే డాబా మీద ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి చెబుతుంది, గాలిలో బొగ్గు నుసి ఎంతుందో. సిమెంటు దుమ్ము తెలిసిన పేట వాళ్లకు దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. ఆర్కే బీచ్ చూడటానికే, ఈతకు కాదు. అక్కడి అలల ఉరవడి ఏటా ప్రాణాలు తీస్తూనే ఉంది.

కాకినాడ: కుటుంబంతో ఉండేవాళ్లకు

వెడల్పాటి తిన్నని వీధులు, ఆసుపత్రులు, కాలేజీలు, కాజా. పెన్షనర్ల స్వర్గమని పేరు. హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండటంతో రేవు దగ్గర అలల ఉధృతి తక్కువ. కానీ కాస్త ఉత్తరాన ఉప్పాడలో సముద్రం ఇళ్లనూ రోడ్డునూ కోసుకుంటూ వస్తోంది. అటువైపు చవగ్గా ఇల్లు దొరికిందంటే ఎందుకు చవకో అడగాలి. పెద్ద రైళ్లు చాలావరకు సామర్లకోటలోనే ఆగి వెళ్లిపోతాయి, అక్కడి నుంచి మళ్లీ బండెక్కాలి.

చీరాల, బాపట్ల: నెల రోజులకు సరే

వాడరేవు, రామాపురం, సూర్యలంక. ఇసుక బాగుంటుంది, విజయవాడ-చెన్నై రైలు మార్గం పక్కనే. చిక్కల్లా శని, ఆదివారాలతోనే. హైదరాబాద్, గుంటూరు, విజయవాడ కార్లన్నీ అక్కడే. తీరంలోని గదులు పర్యాటకుల లెక్కన రోజువారీ అద్దెకిస్తారు, నెలవారీ బేరానికి దిగరు. ఊళ్లో ఇల్లు తీసుకుని సాయంత్రం సముద్రానికి వెళ్లడమే మేలు.

బందరు (మచిలీపట్నం): ఇంటికి దగ్గర

నందిగామ నుంచి సుమారు 120 కిలోమీటర్లు, పేట నుంచి 150. అమ్మానాన్నలకు ఒంట్లో బాగోలేదంటే మధ్యాహ్నం బయల్దేరి దీపాలవేళకు చేరొచ్చు. గోల్కొండ సుల్తానుల కాలంలో ప్రపంచమంతా తిరిగిన వర్తకులు దిగిన రేవు ఇది. ఇప్పుడు కొత్త పోర్టు పనులతో మళ్లీ కదలిక వచ్చింది. మంగినపూడిలో నల్లమట్టి తీరం, లోతు తక్కువ. కానీ భూగర్భజలం ఉప్పు, ఉక్కపోత ఎక్కువ, ఐటీ తోటివాళ్లు తక్కువ. 1864 నాటి ఉప్పెనలో దాదాపు 30 వేల మంది పోయిన ఊరది.

తుపానుకు అందమైన ఊరూ ఒకటే, మామూలు ఊరూ ఒకటే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకాక కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. ఆ తర్వాతే ప్రపంచ బ్యాంకు నిధులతో నగరంలో భూగర్భ కేబుళ్లు వేశారు. అలాగని మెట్టన ఉన్నంత మాత్రాన గండం తప్పదు. 2023 జులైలో, 2024 సెప్టెంబరులో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర ఇదే హైవే మునిగింది. నందిగామ, విజయవాడ మధ్య రాకపోకలు నిలిచిపోయాయి. ఇంటికి దగ్గరే కదా అని బందరు ఎంచుకున్నవాళ్లు ఇదీ లెక్కలో వేసుకోవాలి.

ఇల్లు చూసేటప్పుడు

పోర్చుగల్ దీవి మదీరాలోని పోంటా దో సోల్ 2021లో డిజిటల్ నోమాడ్లను పిలిచినప్పుడు ముందుగా ఇచ్చింది ఉచిత పనిగది, ఇంటర్నెట్. సిక్కింలోని యాక్తెన్ పల్లె 2025లో ఇలాంటి వాళ్లకే తలుపులు తీసినప్పుడూ రెండు ఇంటర్నెట్ లైన్లు, కరెంటుకు ప్రత్యామ్నాయం సిద్ధం చేసుకుంది. మన దగ్గర ఇల్లు చూసేవాళ్లు మాత్రం బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తే చాలు, అడ్వాన్సు చేతిలో పెడుతున్నారు.

బాల్కనీ తర్వాత చూడొచ్చు. ముందు కిటికీ చువ్వలు, ఏసీ బయటి యూనిట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేలికి తుప్పు పొడిగా అంటితే మీ ల్యాప్‌టాప్ పోర్టులకూ అదే గతి. తీరం నుంచి ఒకటి రెండు కిలోమీటర్లు లోపలికి జరగండి. కుళాయి తిప్పి చుక్క నాలుక మీద వేసుకోండి. వీధిలో కరెంటు తీగలు స్తంభాల మీదున్నాయా, భూమిలోనా కనుక్కోండి. లిఫ్టుకు జనరేటర్ ఉందంటారు, ఫ్లాటుకు ఉందా అని అడగండి. రెండు కంపెనీల ఇంటర్నెట్ లేనిదే సంతకం పెట్టొద్దు.

నా తీర్పు ఇది: ఒంటరిగా, కెరీర్ మొదట్లో ఉన్నవాళ్లకు విశాఖ. భార్యాపిల్లలతో ఉంటే కాకినాడ. తల్లిదండ్రులు పెద్దవాళ్లయి ఊళ్లోనే ఉంటే, ఉప్పునీళ్లూ ఉక్కా ఓర్చుకోగలిగితే బందరు. చీరాల నెల రోజులకే. ఏ ఊరైనా సంక్రాంతి ఎండలో చూసి మురిసిపోకండి. అక్టోబరులోనో నవంబరులోనో నెలకు గది తీసుకుని ఒక వాయుగుండం గడిచేదాకా అక్కడే పనిచేయండి. ఆ నెలలో మీ మీటింగులు ఆగకపోతే అప్పుడు పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకోండి.