ఇల్లంటుకున్న వేళ తూటాలుంటే..
విడి తూటా కంటే నింపి ఉంచిన తుపాకీయే ప్రమాదకరం

జూలూరుపాడు: ఎండలు ముదిరితే అటవీ సరిహద్దు గ్రామాల్లో పూరిళ్లు అగ్నికి ఆహుతి కావడం ఏటా కనిపించే దృశ్యమే. గడ్డి కప్పు, వెదురు దడి, ధర కోసం ఇంట్లోనే నిల్వ ఉంచిన పత్తి, పక్కనే గ్యాస్ సిలిండరు.. నిప్పురవ్వ పడితే నిమిషాల వ్యవధిలో అంతా బూడిదవుతుంది. అటువంటి ఇంట్లో పంట కాపలాకు వాడే తుపాకీ, దాని మందు, తూటాలు కూడా ఉంటే పరిస్థితి ఏమిటి? మంటల్లోంచి ‘టప్ టప్’మని శబ్దాలు వినిపించగానే ఆర్పడానికి వచ్చినవారు బిందెలు వదిలేసి పరుగు తీస్తారు. కొన్ని సందర్భాల్లో ఆ పరుగు అనవసరం. మరికొన్ని సందర్భాల్లో అదే ప్రాణాలను కాపాడుతుంది. రెండింటికీ తేడా తెలియకపోవడమే అసలు ముప్పు.

బయట పేలిన తూటా

తుపాకీ గొట్టంలో తూటా పేలినప్పుడు మందు నుంచి వెలువడిన వాయువు నలువైపులా బంధింపబడి, గుండును ఒకే దిశలో ముందుకు నెడుతుంది. ఆ వేగమంతా గొట్టం ఇచ్చినదే. అట్టపెట్టెలోనో సంచిలోనో ఉన్న విడి తూటాకు ఆ ఆసరా ఉండదు. తూటాలోని పొగరాని మందు సుమారు 150 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ వేడికి అంటుకుంటుంది. అప్పుడు పలుచని ఇత్తడి లేదా ప్లాస్టిక్ తొడుగు చీలిపోయి వాయువు పక్కలకు పోతుంది. బరువైన గుండు పెద్దగా కదలదు. తేలికైన తొడుగు ముక్కలు, అడుగున ఉండే టోపీ మాత్రం ఎగిరిపడతాయి. కంటికి తగిలితే చూపు పోవచ్చు, ఒంటికి తగిలితే గాయం కావచ్చు. అంతేగాని సినిమాల్లో చూపినట్లు తూటాలు గోడలను చీల్చుకుంటూ దూసుకురావు.

అమెరికాలోని క్రీడా ఆయుధాలు, తూటాల తయారీదారుల సంస్థ (సామీ) లక్షల సంఖ్యలో తూటాలను మంటల్లో వేసి, బుల్డోజరుతో తొక్కించి పరీక్షించింది. పెట్టెలకు పెట్టెలు తగలబడినా అవి ఒక్కసారిగా బాంబులా పేలలేదనీ, ఒకదాని తర్వాత ఒకటిగానే పేలాయనీ తేలింది. రక్షణ దుస్తులు ధరించిన అగ్నిమాపక సిబ్బంది తగిన జాగ్రత్తలతో ఆ మంటలను ఆర్పవచ్చునని ఆ పరీక్షల సారాంశం. అయితే ఆ దుస్తులు సిబ్బందికి ఉంటాయి. లుంగీ, బనియనుతో నీళ్లు మోసే ఇరుగుపొరుగువారికి ఉండవు.

మంచె నుంచి వచ్చిన తుపాకీ

అసలు ప్రమాదం నింపి ఉంచిన తుపాకీతోనే. గొట్టంలో తూటా ఉండగా వేడెక్కితే ఎవరూ మీట నొక్కకుండానే పూర్తి వేగంతో పేలుతుంది. గొట్టం ఎటు ఉంటే చావు అటు. ఈ విషయంలో మూతి నుంచి మందు దట్టించే తుపాకీ మరీ ప్రమాదకరం. పంట రక్షణ కోసం ఇటువంటి తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలును 1959 నాటి ఆయుధాల చట్టమే కల్పించింది. ఒకసారి దట్టించిన మందును, గుండును మళ్లీ బయటకు తీయడం పెద్ద పని కావడంతో రాత్రి మంచెపై నింపిన తుపాకీని తెల్లవారి అలాగే ఇంటికి తెచ్చి చూరులోనో అటకపైనో దోపడం కద్దు. పూరింట్లో మంట మొదట చేరేది అక్కడికే! పైనున్న టోపీ తీసివేశాం కదా అన్న ధీమా పనికిరాదు. గొట్టం వేడెక్కితే లోపలి మందు దానంతటదే అంటుకుంటుంది.

విడిగా నిల్వ ఉంచే తుపాకి మందు స్వభావం వేరు. నిప్పురవ్వ చాలు, భగ్గుమంటుంది. బయట పోసి ఉంటే మండిపోతుంది గాని, మూత బిగించిన ఇనుప డబ్బాలోనో సీసాలోనో ఉంటే ఆ పాత్రే బాంబు అవుతుంది. భద్రత పేరిట తూటాలను గాలి చొరని దళసరి ఇనుప పెట్టెలో బిగించడం కూడా ఇదే కారణంగా తగదు. కంపెనీ అట్టపెట్టెల్లోనే ఉంచి, తాళం వేసిన చెక్క పెట్టెలో, పొయ్యికి, దీపానికి, కిరోసిన్ డబ్బాకు దూరంగా నేలకు దగ్గరగా పెట్టడం మేలు. తుపాకీ వేరేచోట, ఖాళీగా ఉండాలి. కొన్నాళ్లు ఊరు విడిచి వెళ్లే లైసెన్సుదారులు ఎన్నికల సమయంలో మాదిరిగానే ఆయుధాన్ని, తూటాలను పోలీస్ ఠాణాలో అప్పగించి రసీదు పొందవచ్చు.

జిలెటిన్ ఉంటే దగ్గరికి పోరాదు

పైన చెప్పినదేదీ బావుల తవ్వకానికి, క్వారీలకు వాడే జిలెటిన్ కడ్డీలకు, డిటొనేటర్లకు వర్తించదు. అవి ఒకదాని తర్వాత ఒకటిగా కాక ఒక్కసారిగా పేలుతాయి. 2021 మే 8న కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్లపల్లె ముగ్గురాయి గని వద్ద వాహనం నుంచి జిలెటిన్ కడ్డీలు దించుతుండగా జరిగిన పేలుడులో పది మంది కూలీలు మరణించారు. సైనిక గిడ్డంగుల్లోని భారీ మందుగుండు సంగతీ ఇంతే. 2000 ఏప్రిల్ 28న రాజస్థాన్‌లోని భరత్‌పూర్ ఆయుధాగారం బుగ్గి కావడానికి మూలం ఎండుగడ్డికి అంటుకున్న నిప్పు. 2016 మే 31న మహారాష్ట్రలోని పుల్గావ్ కేంద్ర ఆయుధాగారంలో చెలరేగిన మంటలను ఆర్పబోయి సైనికులతో పాటు అగ్నిమాపక సిబ్బంది కూడా ప్రాణాలు కోల్పోయారు. శిక్షణ పొందినవారికే ఆ గతి పట్టినప్పుడు, వ్యవసాయ బావి పని కోసం తెచ్చిన కడ్డీలను మంచం కింద దాచే ఇంటి సంగతి చెప్పనక్కర లేదు. లైసెన్సు లేని అటువంటి నిల్వ నేరం కూడా. ఇంట్లో ఇవి ఉన్నాయని తెలిస్తే ఆర్పే ప్రయత్నం మాని, చుట్టుపక్కల ఇళ్లన్నీ ఖాళీ చేయించి వీలైనంత దూరం వెళ్లాల్సిందే. నాటు పంది బాంబులు మంట లేకున్నా రాపిడికే పేలుతాయి.

నోరు విప్పితేనే..

చిక్కు ఇక్కడే ఉంది. లైసెన్సు ఉన్నవారు తుపాకీ సంగతి చెబుతారు. లేనివారు కేసుకు భయపడి పెదవి విప్పరు. ఆ మౌనానికి మూల్యం చెల్లించేది నీళ్ల గొట్టం పట్టుకుని లోపలికి వెళ్లే ఉద్యోగి, లేదా దూడను విప్పబోయిన పక్కింటి కుర్రాడు. 101కు ఫోన్ చేసినప్పుడే ఇంట్లో తుపాకీ ఉన్నదా, నింపి ఉన్నదా, ఏ గదిలో ఏ వైపు మూతి పెట్టి ఉన్నది, జిలెటిన్ లేదా గ్యాస్ సిలిండరు ఉన్నవా అన్నది చెప్పాలి. కొత్తగూడెం వైపు నుంచి శకటం వచ్చేసరికి పూరిల్లు మిగలకపోవచ్చు గాని, ఈ నాలుగు మాటలు తెలిస్తే సిబ్బంది ఆ మూతికి ఎదురుగా నిలబడరు. ఈలోగా గ్రామస్థులు గోడ చాటున ఉండి పక్క ఇళ్ల కప్పులను తడపడం ఉత్తమం. తుపాకీనో తూటాల పెట్టెనో తెచ్చుకోవడానికి మండే ఇంట్లోకి వెళ్లరాదు.

మంట ఆరినంత మాత్రాన పని ముగియదు. బూడిదలో పేలని తూటాలు మిగిలే ఉంటాయి. వేడి తగిలిన వాటిని వాడరాదు, పారతో తోడరాదు, పాత సామానువాళ్లకు అమ్మరాదు. పోలీసులకు కబురుచేసి, వారు వచ్చి తీసుకువెళ్లేవరకు ఆ చోట కంప వేసి, పిల్లలు అటు పోకుండా ఒక మనిషిని కాపలా ఉంచాలి.