కాచినా పోని విషం

"మా ఇంట్లో నీళ్ళు కాచి, చల్లార్చి తాగుతాం. మాకేం భయం?" అని మీరు అడగవచ్చు. కలరా, టైఫాయిడ్, కామెర్ల క్రిముల వరకూ మీ మాట నిజమే. కాని నీళ్ళలో సీసం కలిసిందా, ఎంత కాచినా పోదు. ఆవిరైపోయేది నీరే, సీసం గిన్నెలోనే వుండిపోతుంది. రంగు, రుచి, వాసన ఏదీ దాన్ని పట్టివ్వదు.

అమెరికాలో ఫ్లింట్ అనే పట్టణం వుంది. ఖర్చు తగ్గించుకోవాలని 2014 ఏప్రిల్‌లో అక్కడ నది నీళ్ళు సరఫరా చేయసాగారు. నీళ్ళు గొట్టాలను తినేయకుండా కలపవలసిన మందు మాత్రం కలపలేదు. పాత గొట్టాల్లోని సీసం కుళాయిల్లోకి దిగింది. నీళ్ళు మంచివేనని అధికారులు చెబుతూనే వచ్చారు.

2015లో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ మార్క్ ఎడ్వర్డ్స్ దగ్గర పరిశోధన చేస్తున్న విద్యార్థులు ఆ వూరికి 300 ఇళ్ళకు సరిపడా పరీక్ష సీసాలు పంపారు. మన దేశం నుంచి వెళ్ళిన సిద్ధార్థ రాయ్ వారిలో ఒకరు. కుళాయి నీళ్ళు పట్టి యిచ్చింది ఇంటివాళ్ళే. ప్రతి పది ఇళ్ళలో ఒకదానిలో లీటరుకు 25 మైక్రోగ్రాములకు పైగా సీసం తేలింది. మన దేశంలో హద్దు 10. డిగ్రీ చేతికొచ్చేదాకా ఆ కుర్రవాళ్ళు ఫలితాలు దాచుకోలేదు. వచ్చినవి వచ్చినట్టే అందరికీ అర్థమయ్యే మాటల్లో చెప్పేశారు. నన్నడిగితే, వైద్యం అక్కడే మొదలైంది! ఆ సెప్టెంబరులోనే పిల్లల డాక్టరు మోనా హన్నా అటీషా పసివాళ్ళ రక్తంలో సీసం పెరిగిందని బయటపెట్టారు. అక్టోబరులో పాత సరఫరా తిరిగి వచ్చింది.

నోట్లోకి వెళ్ళిన సీసం పెద్దవాళ్ళకంటే పసిపిల్లల ఒంటికి నాలుగైదు రెట్లు ఎక్కువగా పడుతుంది. తెలివితేటలు దెబ్బతింటాయి. ఇనుము, కాల్షియం చాలని పిల్లలకు మరీ ప్రమాదం. పాలు, రాగిజావ, ఆకుకూరలు తప్పక పెట్టండి.

రాత్రంతా కుళాయిలో నిలిచిన నీళ్ళు పొద్దున్నే తాగవద్దు. కాసేపు వదిలి, ఆ నీళ్ళు అంట్లకు వాడుకోండి. గీజరు వేణ్ణీళ్ళతో వంట చేయకండి. గుడ్డతో వడగట్టినా, క్లోరిన్ బిళ్ళ వేసినా సీసం పోదు. ఆర్వో ఫిల్టరు తగ్గిస్తుంది. అనుమానముంటే ప్రభుత్వ నీటి పరీక్షాశాలలో చూపించండి. సీసం పరీక్ష కావాలని ప్రత్యేకంగా అడగాలి సుమా.

ఇత్తడి గిన్నెలకు కళాయి వేయిస్తారా? తగరంలో సీసం కలిపితే చింతపండు పులుపుకు అది చారులోకి దిగుతుంది. శుద్ధమైన తగరమేనా అని ముందే అడగండి. లేదంటే చారు స్టీలు గిన్నెలోనే కాచుకోండి.