చెన్నపురి విక్టోరియా సభామందిరము

చెన్నపురి సెంట్రల్ స్టేషనులో రైలు దిగి వెలుపలికి వచ్చిన తెలుగువానికి, రిప్పన్ భవనమునకు ప్రక్కగా, ఎఱ్ఱని యిటుకల గోడలతో నొక పాతకట్టడము కన్పట్టును. అది విక్టోరియా పబ్లిక్ హాలు. 1883 డిసెంబరులో దానికి శంకుస్థాపన చేసినవారు మన విజయనగర ప్రభువులు పూసపాటి ఆనందగజపతిరాజుగారని యెఱిగినవారు మనలో నెందఱు? ఛిజం దొర దానికి రూపకల్పన చేసెను. నంపెరుమాళ్ చెట్టిగారు కట్టించిరి. 1887లో రాణి పాలన స్వర్ణోత్సవము తటస్థించుటచే ఆమె పేరు దానికి తగిలినది. ఆ పేరు మాట యట్లుండనిండు. ఆ వేదికమీద పలికినవారెవరో చూతము.

1891లో బళ్లారినుండి ధర్మవరము కృష్ణమాచార్యులవారి సరసవినోదినీ సభ చెన్నపురికి వచ్చి, యీ మందిరముననే తెలుగు నాటకములాడినది. ఆచార్యులవారు వృత్తిచే న్యాయవాదులు. నాటకపద్యములను రాగయుక్తముగ పాడించి వినువారిని కట్టివేసినవారు. ఆనాడు ప్రేక్షకులలో పమ్మల్ సంబంధ మొదలియారను తమిళ యువకుడుండెను. నాటకము చదువుకొన్నవారికి తగని పనియని అంతవఱకు తలచిన యాతడు, గౌరవస్థులు వేషములు కట్టి యంత చక్కగ నటించుట చూచి మనసు మార్చుకొనెను. ఆ సంవత్సరమే సుగుణవిలాస సభ పుట్టినది. నవీన తమిళ నాటకమునకు అది పుట్టినిల్లయినది. ఒక భాషవారి పలుకు మఱియొక భాషవారి కళకు ఊపిరిపోసెను. నేడు భాషల పేరిట కయ్యములకు కాలు దువ్వువారు ఈ వృత్తాంతమును కొంత నెమ్మదిగ చదువవలెను.

1896లో చలనచిత్రములను చెన్నపురివారికి మొదట చూపినదియు నిచ్చటనే. అయితే ఆ బొమ్మలకు నోరు లేదు.

1897 ఫిబ్రవరిలో వివేకానందస్వామి యీ వేదిక నెక్కిరి. చికాగో సభానంతరము స్వదేశమునకు తిరిగివచ్చిన కొలది దినములకే తమ కార్యక్రమమును ప్రజల యెదుట నుంచిరి. పూర్వుల నాచారములను దూషించుటయే సంస్కరణమని భ్రమించినవారిని నిర్మొగమాటముగ మందలించిరి. ధ్వనివర్ధక యంత్రములు లేని కాలమది. కంఠమునకు బలము, వినువారికి నిశ్శబ్దము, ఈ రెండే సాధనములు. ఉపన్యాసము ఆంగ్లమున సాగుటచే, ఆ భాష రాని సామాన్యునికి అందులో నెంత యందినదో యని మాకు శంక కలుగకపోదు. ఆఱేండ్ల క్రిందట బళ్లారివారి పద్యమునకు అట్టి యడ్డు లేకుండెను. రాగమే సగము అర్థము చెప్పెను.

శంకుస్థాపన చేసిన ఆనందగజపతి ఆ 1897 లోనే స్వర్గస్థులైరి. మాక్సుమూలరు ఋగ్వేద ద్వితీయ ముద్రణమునకు ధనమిచ్చిన చేయి అది. గురజాడవారి కన్యాశుల్కము ఆయనకే అంకితము. అచ్చునకు ధనమిచ్చిన ప్రభువే నోటిమాటకు నిలువనీడ కల్పింప పూనుట గమనింపదగినది. పురాణకాలక్షేపము, శతావధానము, హరికథ వినుచు పెరిగిన జాతికి సాహిత్యము కన్నులకు గాక చెవులకు చెందినది. అచ్చుపుస్తకము వచ్చి ఒక్కొక్కరిని ఒక్కొక్క గదిలో కూర్చుండబెట్టినది. పదిమంది నడుమ పద్యము విని ‘ఆహా’ యనుట తగ్గినది.

దశాబ్దములపాటు పాడుపడిన యీ మందిరమును బాగుచేయుటకు చెన్నపురి నగరపాలక సంస్థ పూనుకొనుట సంతోషకరము. ఇటుకలకు రంగు, గోపురమునకు కప్పు, గోడలకు పటములు సమకూర్చినంతమాత్రమున అది బాగుపడినట్లు కాదు. నెలకొక సాయంకాలము కవులు తమ కావ్యములను తామే చదువుటకు, పండితులు ప్రసంగించుటకు వేదికను వదలవలెను. అందు తమిళులకెంత పాలో తెలుగువారికిని, తక్కిన భాషలవారికిని అంత పాలు ఉండవలెను. ప్రవేశద్వారమున ఆనందగజపతి పేరును, 1891 నాటి బళ్లారి సమాజము పేరును రెండు లిపులలోను చెక్కింపవలెను. చెన్నపురిలోని ఆంధ్రసంఘములు ఈ మనవిని వ్రాతమూలముగ నగరపాలకులకు పంపుట యుక్తము.