గూగుల్ ఫామ్స్‌లో ప్రొడక్ట్ సర్వే: ఏ ప్రశ్న ముందు, ఏది ఎవరికి?

అద్దంకి మిర్చి రైతుల కోసం ఫోన్‌తో మోటార్ ఆన్, ఆఫ్ చేసే కొత్త స్టార్టర్ తయారు చేద్దామని మీ ఆలోచన అనుకోండి. సర్వేలో ముందుగానే "రాత్రిపూట పొలం వెళ్లడం కష్టమేనా?" అని అడిగి, వెంటనే "ఇది కొంటారా?" అంటే ఎక్కువమంది సరే అనేస్తారు. ఆ మాట నమ్మి స్టాక్ చేయిస్తే డబ్బులు ఇరుక్కుపోతాయి.

ఆర్డర్ ఇలా పెట్టండి: మోటార్ ఉందా, ఇప్పుడు ఎలా ఆన్ చేస్తున్నారు, ప్రొడక్ట్ ఫొటో, ధర, కొంటారా. కష్టాలు, ఫీచర్ల ప్రశ్నలు చివర్లోనే.

సాగర్ అద్దంకి బ్రాంచ్ కెనాల్ నీళ్లతోనే పండించే రైతుకి మోటార్ ఉండకపోవచ్చు. ఆయనకి మిగతా ప్రశ్నలు అనవసరం. ఫామ్‌ని సెక్షన్లుగా విడగొట్టి, మోటార్ ప్రశ్న కింద మూడు చుక్కలు నొక్కి "గో టు సెక్షన్ బేస్డ్ ఆన్ ఆన్సర్" ఎంచుకోండి. "లేదు" పక్కన "సబ్మిట్ ఫామ్" పెట్టండి. ఆ ప్రశ్నకి "రిక్వైర్డ్" ఆన్ చేయడం మర్చిపోవద్దు. ఈ సదుపాయం మల్టిపుల్ చాయిస్, డ్రాప్‌డౌన్ ప్రశ్నలకే ఉంది, చెక్‌బాక్స్‌లకు లేదు.

ఫీచర్ల లిస్టుకి "షఫుల్ ఆప్షన్ ఆర్డర్" ఆన్ చేయండి, పైనున్న ఫీచర్‌కే ఓట్లు పడకుండా ఉంటాయి. సెట్టింగ్స్‌లోని "షఫుల్ క్వశ్చన్ ఆర్డర్" మాత్రం ఆఫ్‌లోనే ఉంచండి. అది ఆన్ అయితే మీరు పేర్చిన వరుస తారుమారైపోతుంది.