ఓరియాండా సముద్రము, హంసలదీవి సముద్రము

సౌందర్యమునకు లోకమును రక్షించు శక్తి కలదను మాటను దొస్తొయేవ్‌స్కీ సూక్తిగా మనవారు సభలలో వల్లించుచుందురు. ఆ మాట ‘ఇడియట్’ నవలలో ఎవరి నోట వెలువడినదో చూచినవారు తక్కువ. క్షయతో చావునకు చేరువైన ఇప్పొలీత్ అను నూనూగు మీసముల కుఱ్ఱవాడు, మిష్కిన్ రాకుమారుడు అట్లన్నాడట గదా యని ఎత్తిపొడుపుగా నడుగును. రాకుమారుడు బదులు చెప్పడు. ఆ నవలలోనే రొగోజిన్ ఇంట హోల్బైన్ చిత్రించిన క్రీస్తు మృతదేహపు పటమునకు నకలు వ్రేలాడుచుండును. పునరుత్థానపు ఛాయయే లేని శవమది. 1867లో బాసెల్ నగరమున మూలచిత్రమును చూచి దొస్తొయేవ్‌స్కీ కదలలేక నిలిచిపోయెనని ఆయన భార్య తన స్మృతులలో వ్రాసినది. రష్యన్ మహారచయితల సౌందర్యము ఇట్టి పటముల ప్రక్కనే నివసించును.

చెహోవ్ మార్గము వేరు. ఆయన గొంతు పెంచడు. 1899లో ప్రకటించిన ‘కుక్కపిల్లతో తిరుగు మహిళ’ కథలో గురోవ్, అన్నా యిరువురును వివాహితులే; ఒకరికొకరు మాత్రము కారు. యాల్టా చెంత ఓరియాండాలో తెల్లవారుజామున బల్లపై కూర్చుండి నల్లసముద్రపు ఘోష విందురు. మనుజుల చావుబ్రతుకులు పట్టని ఆ యుదాసీనతలోనే ఏదో తరుణోపాయమున్నట్లు గురోవ్‌కు తోచును.

దివిసీమ పాఠకుడు ఇచ్చట ఆగక తప్పదు. 1977 నవంబరు 19న సముద్రము ఉప్పెనయై కోడూరు, నాగాయలంక ప్రాంతముల యూళ్లను ముంచివేసినది. ఆ తుపానులో మరణించినవారు సుమారు 10,000 మంది. శవములను పొలముగట్లపై వెదకిన సీమకు సముద్రపు ఉదాసీనత అలంకారశాస్త్ర చర్చ గాదు. అట్లని చెహోవ్‌ను త్రోసిపుచ్చుటయు తొందరపాటే. ఆయన వైద్యుడు, క్షయరోగి. యాల్టాలో కాపురముండుటయు ఆ రోగమువలననే. 1904లో, 44వ యేట కన్నుమూసెను. ఆ వాక్యములు వ్రాసినది బ్రతుకుపై ధీమాగల చేయి కాదు.

అయినను భేదమొకటి మిగులును. కోడూరు మీదుగా హంసలదీవికి మాఘపౌర్ణమినాడు నేటికిని వేలకొలది జనము సాగరస్నానమునకు పోవుచున్నారు. వేణుగోపాలస్వామి కల్యాణము కన్నులపండువుగా జరుగును. ఉప్పెనలో అయినవారిని పోగొట్టుకొన్న కుటుంబములును ఆ సీమలోనివే. పసుపుకుంకుమలు నీట విడిచి దండము పెట్టు ఇల్లాలు సముద్రమును ఉదాసీనమని యెంచుట లేదు. అది వినుచున్నదనియే ఆమె యెంచును. విన్నను విననట్లున్న నాటిని ఆమె మరువలేదు. గురోవ్ తన బల్లమీదనుండి ఆ నీటిలోనికి దిగలేదు.