పూటకో దిక్కుకు తిరిగే రోడ్డు

ఢిల్లీ ఆర్.కె. పురం నుంచి గుర్గావ్ ఆఫీసుకు వెళ్లేవాళ్లకు ధౌలా కువాన్ దగ్గరే సగం ఓపిక అయిపోతుంది. ఆ మధ్య క్యాబ్‌లో ఇరుక్కుని అమెరికాలో వర్జీనియాలో ఉన్న మా తమ్ముడికి ఫోన్ చేస్తే, "మా దగ్గర రోడ్డే దిక్కు మార్చుకుంటుంది అన్నయ్యా" అన్నాడు. గొప్పలు పోతున్నాడనుకున్నాను. తీరా చూస్తే నిజమే.

అక్కడ ఐ-95 హైవేకి నడుమ గోడలు కట్టిన దారి ఒకటి ఉంది. పొద్దున వాషింగ్టన్ వైపు, మధ్యాహ్నం దాటాక ఇళ్ల వైపు నడుస్తుంది. ఉద్యోగులంతా ఒకే వైపు పోతుంటే రెండో వైపు రోడ్డు ఊరికే ఎండుతుంటుంది కదా. అటూ ఇటూ కొత్త లేన్లు వేసే బదులు ఒక్కదాన్నే రెండు పూటలా వాడుకుంటున్నారన్నమాట.

ఇది పుట్టింది బస్సుల కోసం. 1969లో ఈ దారిలోనే ఉన్న షర్లీ హైవే నడిమి దారిని బస్సులకు వదిలారు. తర్వాత నలుగురైదుగురు కలిసి వెళ్లే కార్లను రానిచ్చారు. ఒంటరిగా వెళ్లేవాళ్లు టోలు కట్టి ఎక్కడం 2014 డిసెంబరులో ఐ-95 మీద, 2019 నవంబరులో దాని కొనసాగింపైన ఐ-395 మీద మొదలైంది.

దిక్కు మార్చడం మీట నొక్కినంత తేలిక కాదు. ముందు లోపలికి వచ్చే గేట్లన్నీ మూస్తారు. లోపలున్న బండ్లు బయటపడేదాకా ఆగుతారు. పెట్రోలింగ్ బండి ఆ దారంతా తిరిగి పంక్చరైన కారో, జారిపడిన సామానో మిగిలిందేమో చూస్తుంది. ఆ తర్వాతే రెండో వైపు గేట్లు లేస్తాయి. అంతసేపూ ఆ దారి ఎవరిదీ కాదు.

టోలు కూడా గడియకో రేటు. బండ్లు పెరిగితే రేటు పెరుగుతుంది, కొందరు వెనక్కి తగ్గుతారు, వేగం నిలుస్తుంది. రద్దీ వేళల్లో నూటికి 90 పాళ్ల సమయం వేగం గంటకు 45 మైళ్లకు, అంటే 72 కిలోమీటర్లకు, తగ్గకూడదని అక్కడి ఫెడరల్ చట్టం. ఎక్కేటప్పుడు బోర్డు మీద చూసిన రేటే చివరిదాకా. ముగ్గురుంటే ఉచితం, అందుకు అద్దానికి అంటించిన ఈజీపాస్ ఫ్లెక్స్ డబ్బాకు చిన్న మీట ఉంటుంది, బయల్దేరే ముందు జరపాలి. ఒంటరిగా ఉండి జరిపితే పోలీసు పట్టుకుంటాడు.

టెక్నాలజీకి మనకేం తక్కువ లేదు. టోలు కట్టడానికి 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ స్టిక్కర్ తప్పనిసరి. ఈ స్టిక్కర్‌కు బ్యాటరీ కూడా అక్కర్లేదు. రీడర్ వదిలే రేడియో తరంగాల శక్తితోనే లోపలి చిప్ మేలుకొని తన నంబరు చెబుతుంది.

చిక్కంతా జనం పోకడలో ఉంది. రెండో వైపు ఖాళీ ఉంటేనే కదా దిక్కు మార్చేది. ఢిల్లీ నుంచి గుర్గావ్ వెళ్లేవాళ్లు ఎందరో, అటు నుంచి ఇటు వచ్చేవాళ్లూ అందరే ఉన్నట్టుంటుంది. ఎదురింట్లోనూ బియ్యం నిండుకుంటే చేబదులు ఎవరిస్తారు?

పైగా ఇక్కడ లేన్లు విడదీయడమన్నా టోలన్నా జనానికి గిట్టదు. ఢిల్లీలో అంబేద్కర్ నగర్, మూల్‌చంద్ మధ్య 2008లో వేసిన 5.8 కిలోమీటర్ల బస్సు కారిడార్‌ను 2016లో తవ్వేశారు. ఢిల్లీ-గుర్గావ్ సరిహద్దులోని 32 లేన్ల సిర్హౌల్ టోల్ ప్లాజా 2014లో పోయింది.

కాబట్టి ప్లానింగ్ బాబులకు ఒక్కటే మనవి. అమెరికా విమానం ఎక్కే ముందు ధౌలా కువాన్ దగ్గర వారం రోజులు నిలబడి, పొద్దున అటెన్ని బండ్లో ఇటెన్నో లెక్కపెట్టండి. తేడా లేకపోతే ఫైలు అక్కడే మూసేయండి.